చుక్క వీపుకు సరిపడిన జీను

బేతంచెర్ల చుట్టుపక్కల కొండపల్లెల్లో చిన్నపిల్లలు హనుమంతమ్మను గుర్రమవ్వ అని పిలిచేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి బొడ్డు కోసింది ఆమె చెయ్యే. నిజానికి ఆమె గుర్రమెక్కి తిరిగింది మూడు నాలుగేళ్ళకు మించదు. అంతకుముందు మంత్రసాని పనికి కాలినడకనే పోయేది, ఆ తర్వాతా కాలినడకనే పోయింది. కానీ కచ్చపోసి చీర కట్టుకుని, ఒళ్ళో మందులమూట పెట్టుకుని, ఎర్రగుర్రం మీద ఒక నడివయసు ఆడమనిషి కొండదారి దిగి రావడం ఆ ప్రాంతంలో అంతకుముందు ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు మరిచిపోలేదు. ఆ గుర్రం మీదికి ఆమె ఎందుకు ఎక్కవలసి వచ్చిందో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

ఆమెది గుండ్లవంక. ఎర్రమల కొండల నడుమ, నాపరాళ్ళు పేర్చి కట్టిన ఇళ్ళ చిన్న ఊరు. భర్త కంబన్న కొండలో దొరికే చింతపండు, సీతాఫలాలు, కుంకుళ్ళు గుర్రం మీద వేసుకుని బేతంచెర్ల స్టేషనుకు తోలేవాడు. ఆ గుర్రం పేరు చుక్క. నుదుట తెల్లమచ్చ ఉన్నందుకు ఆ పేరు. అది పిల్లగా ఉన్నప్పుడు ఒక రాతిగని దగ్గర బండలు మోసేది. ఒకనాడు కట్టు తెగి, బండ జారి, దాని మూపు మీద పడింది. ఇక పనికిరాదని గనివాళ్ళు దాన్ని ఎండలో వదిలేస్తే కంబన్న మెల్లగా నడిపించుకుని ఇంటికి తెచ్చాడు. ఆకుపసరు పోసి, కట్లు కట్టి, తాను తినే జొన్నసంకటి దానికీ పెట్టి బతికించాడు. ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. మెడ దిగి వీపు మొదలయ్యేచోట, ఎడమపక్కన పిడికిలంత బొప్పి లేచింది. దాని వెనక వీపు గుంతపడి పోయింది.

కంబన్న రెండు గోతాల్లో గడ్డి కూరి, బొప్పి దగ్గర ఒరుసుకోకుండా ఒక మూల కత్తిరించి, దాని మీద బరువులు వేసేవాడు. తాను ఎప్పుడూ ఎక్కేవాడు కాదు. "అది మూట మోస్తాది గానీ మనిషిని మొయ్యల్యాదు" అనేవాడు. "మూట కదలకుండా పడుంటాది. మనిషి కుదురుగా కూచోడు, అటూ ఇటూ కదులుతాడు. ఆ కదిలిందంతా దాని బొప్పికి తగులుతాది."

ఒక వానాకాలం విషజ్వరం వచ్చి కంబన్న పోయాడు. చుక్క మిగిలింది. దాన్ని అమ్మమని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. ఆ వీపు చూసి కొనేవాడు ఎవడు? కొనేవాడు దొరికినా హనుమంతమ్మ అమ్మేది కాదు. కంబన్న చనిపోయిన మర్నాడు ఆ గుర్రం మేత ముట్టకుండా వాకిట్లో నిలబడి ఉండడం ఆమె చూసింది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సోమక్క. కొండకు అవతల రాళ్ళకొట్టాలలో మహానంది అనే రైతుకు ఇచ్చారు. బండిబాట కొండ చుట్టూ తిరిగి పోతుంది. అడ్డదారిన కొండెక్కి దిగితే సగంపూట నడక. అల్లుడు మంచివాడు. అత్త గిడ్డమ్మ మాట కటువు, మనసు కాదు. పెళ్ళయిన కొన్నేళ్ళకు సోమక్కకు నెల తప్పింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి తొమ్మిదో నెల రాగానే కూతుర్ని బండి మీద తీసుకొచ్చుకుందామని హనుమంతమ్మ అనుకుంది. బొంత ఉతికి ఎండబెట్టింది. తన చేతుల మీదుగా ఎందరో పుట్టారు. ఇప్పుడు తన మనవడో మనవరాలో పుట్టబోతున్నారు. ఆ రోజుల్లో ఆమె నవ్వుమొహం గుండ్లవంకలో అందరికీ గుర్తే.

అప్పుడే దూరపు పల్లెలో ఒక కాన్పుకు పిలుపు వచ్చింది. నడిచిపోతే అందదని, బేతంచెర్లలో ఒక రెడ్డిగారింట్లో మూలపడి ఉన్న జీను అడిగి తెచ్చుకుని, మొట్టమొదటిసారి చుక్క మీద ఎక్కింది. కాన్పు బాగానే జరిగింది. ఇంటికొచ్చి జీను దించితే దాని అంచు బొప్పి మీద తోలు కోసేసి ఉంది. పసుపూ వేపనూనే పట్టించింది. పుండు మానక ముందే చీము పట్టింది.

అది అట్లా ఉండగానే రాళ్ళకొట్టాల నుంచి మనిషి వచ్చాడు. సోమక్కకు ఎనిమిదో నెలలోనే నొప్పులు మొదలయ్యాయి. తెల్లవారుజామున మొదలయ్యాయట. మనిషి కొండదారిన పరుగెత్తి వచ్చేసరికే ఎండ ముదిరింది.

హనుమంతమ్మ చుక్క దగ్గరికి పోయింది. పాత గోతాన్ని మెత్తగా మడిచి వీపు మీద వెయ్యబోయింది. గోతం తగలగానే గుర్రం ఒళ్ళంతా వణికి, ముందుకాళ్ళు మడిచి కింద కూలబడింది. లేపింది. మళ్ళీ కూలబడింది. మూడోసారి లేపడానికి చెయ్యి రాలేదు. దాని కళ్ళల్లోకి చూసి, గోతం అక్కడే పడేసి, కొండ వైపు నడక మొదలుపెట్టింది. నడక కాదు, పరుగు. ఎండాకాలం చివరిరోజులు. రాళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. చెప్పు తెగితే రెండో చెప్పు కూడా విసిరేసింది.

ఆమె పోయేసరికి ఇంటిముందు ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. అది చూసి కొంచెం ధైర్యం వచ్చింది. దగ్గరికి పోయాక వాళ్ళంతా ఏడ్చి ఏడ్చి ఆగిపోయారని అర్థమైంది. లోపల సోమక్క చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. బిడ్డ కడుపులోంచి బయటికే రాలేదు.

గిడ్డమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరినీ చూడకుండా అంది. "పొద్దు ఆ చింతచెట్టు మీద ఉన్నప్పుడు వచ్చింటే బతికేదేమో వదినా."

 హనుమంతమ్మ కూతురి జుట్టు దువ్వి జడ వేసింది. అంతవరకు ఏ చావులోనూ కంటనీరు ఆపుకోలేని మనిషి, ఆ రోజు నీళ్ళు రాక ఊరికే కూర్చుంది.

ఆ తర్వాత నెలల తరబడి ఆమె ఎవరి కాన్పుకూ పోలేదు. వాకిట్లోకి వచ్చి పిలిచినవాళ్ళకు "నా చెయ్యి చెడిపొయ్యింది నాయనా, వేరేవాళ్ళను పిలుచుకోండి" అని చెప్పేది. ఉతికి ఎండబెట్టిన బొంత మడత కూడా విప్పలేదు. చుక్క పుండు మాత్రం రోజూ కడిగేది. దాని మీద కోపం వచ్చిందా అని పొరుగింటి గురమ్మ ఒకసారి అడిగింది. "దాని మీద యేం కోపం? అది మోసేది మోసింది. మోయల్యానిది మోయల్యాదు" అంది.

సంక్రాంతి దాటాక ఒకనాడు మహానంది చెల్లెలు నాగక్క వచ్చింది. ఆమెను కోడుమూరు దిక్కు ఇచ్చారు. తొలిచూలు కడుపుతో పుట్టింటికి పోతూ, దారిలో బండి ఆపించి గుండ్లవంకలో దిగింది. సోమక్కా ఆమే ఒక ఈడువాళ్ళు, ఒకరంటే ఒకరికి ప్రాణం.

"అత్తా, నా కాన్పుకు నువ్వే రావల్ల" అంది కూర్చోకుండానే.

"నేను మానుకున్యా నాగక్కా."

"నువ్వు మానుకుంటే నేను యాడికి పోవల్ల? మా ఊర్లో యెవరుండారు? వదినెకు జరిగింది చూసినాక మా యమ్మకు చేతులు వణుకుతాండాయి. రేత్రిళ్ళు నిద్ర పోదు. నాకు శానా భయంగా ఉండాది అత్తా." మాట పూర్తిచెయ్యకుండానే ఏడ్చేసింది.

హనుమంతమ్మ ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. నాగక్క బండి కదిలిపోయాక చాలాసేపు వాకిట్లోనే నిలబడింది. ఆనక చుక్క దగ్గరికి పోయి, మానిన పుండు మీద, బొప్పి చుట్టూ, దాని వెనక గుంతలో అరచెయ్యి పెట్టి మెల్లగా తడిమింది. కడుపుతో ఉన్న ఆడదాని పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ ఎట్లా తిరిగి ఉందో చూసినట్టే చూసింది. ఎక్కడ నొక్కితే చర్మం వణుకుతుందో, ఎక్కడ నొక్కినా గుర్రం ఊరికే నిలబడుతుందో తెలుసుకుంది. ఈ వీపుకు సరిపడే జీను ఈ లోకంలో ఎక్కడో ఒకచోట ఉండకపోదని ఆమెకు ఆ క్షణాన అనిపించింది.

బేతంచెర్ల స్టేషను దగ్గర జట్కా తోలే శేషన్నను అడిగింది. అతను చుక్కను ఎరుగును.

"ఆ వీపుకా?" అని తల అడ్డంగా ఊపాడు. "కర్నూల్లో కొండారెడ్డి బురుజు కాడ దస్తగిరి సాయిబు అని ఒగ ముసలాయన ఉండాడు. నవాబుల కాలం నుంచి వాళ్ళది జీనుల పనే. ఆయప్ప కాడ ల్యాకుంటే ఇంగ యాడా ల్యానట్లే. గుర్రాన్ని కూడా పిలుచుకొని పో. వీపు చూడకుండా ఆయప్ప జీను ఇయ్యడు."

జొన్నరొట్టెలు మూట కట్టుకుని, చుక్కను చేత్తో పట్టుకుని, హనుమంతమ్మ వెల్దుర్తి మీదుగా కర్నూలుకు నడిచింది. దారిలో ఎవరో అడిగారు, గుర్రం పెట్టుకుని నడుస్తున్నావేంటమ్మా అని. ఆమె నవ్వి ముందుకు నడిచింది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలు అవి. ఎక్కడ చూసినా గుడారాలు, జీపులు, కాగితాలు పట్టుకుని తిరిగే కొత్త మనుషులు. జీపు మోతకు చుక్క బెదురుతుంటే దాని చెవి దగ్గర మాట్లాడుతూ సందుల్లోంచి తీసుకుపోయింది. దస్తగిరి అంగడి ఇంటి ముందరి అరుగే. ముసలాయన చూపు మందగించింది కానీ గుర్రం వాసనకు తల ఎత్తాడు. లేచి వచ్చి, ఎవరివి, ఏ ఊరు అని అడగకుండానే చుక్క మూపు మీద చెయ్యి పెట్టాడు.

"యా అల్లా" అన్నాడు మెల్లగా. "దీనికి యేం జరిగిందమ్మా?"

"బండ పడింది సాయిబన్నా. శిన్నప్పుడు."

"ఎవరు ఎక్కల్ల దీని మీద?"

"నేనే."

ఆయన ఆమె వైపు ఒకసారి, గుర్రం వైపు ఒకసారి చూశాడు. ఎందుకని అడగలేదు. అరుగు మీద మిగిలిన జీనులు మూడే. ఒకటి పటాలం జీను. నున్నటి తోలు, మెరిసే ఇత్తడి కడియాలు. ఇంకొకటి పెళ్ళి ఊరేగింపులకు వాడేది, అద్దాలూ జరీ కుట్టినది. మూడోది దూలానికి వేలాడుతోంది, దాని మీద గోనెపట్టా కప్పి ఉంది.

దారినపోయేవాళ్ళు ఒకరిద్దరు నిలబడ్డారు. పటాలం జీనే తీసుకోమని అందరూ అన్నారు. దస్తగిరి కాదనలేదు. "వేసి చూద్దాం" అన్నాడు. కంబళి పరిచి, దాని మీద జీను పెట్టి, కడుపు కింద పట్టీ బిగించాడు. హనుమంతమ్మ దాని అంచు కిందికి వేళ్ళు దూర్చింది. బొప్పి దగ్గర వేళ్ళు నలిగిపోయాయి. వెనక గుంత దగ్గర చెయ్యంతా దూరింది. బరువంతా ఆ ఒక్కచోటే పడుతోంది.

"ఇది వద్దన్నా."

"నాకు తెలుసు. నీకు తెలుస్తాదా ల్యాదా అని చూస్తి."

పెళ్ళి జీనును ఆయన ముట్టుకోనే లేదు. దూలానికి ఉన్నదాన్ని దించి గోనెపట్టా తీశాడు. చూడ్డానికి అది జీనులాగే లేదు. రెండు పొడుగాటి చెక్కలు, వాటి కింద ఉన్ని కూరిన తోలుదిండ్లు. ముందొకటి, వెనకొకటి వంపుకొయ్యలు ఆ చెక్కలను కలుపుతున్నాయి. నడుమ వెన్నుపూస మీద ఏదీ ఆనకుండా చెయ్యి పట్టేంత సందు. కూర్చునేచోట మంచం అల్లినట్టు తోలువారుతో అల్లిక. ఎడమ చెక్క ముందుభాగం సగానికి కోసేసి ఉంది. ఆ కోత వల్ల అదంతా ఒక పక్కకు ఒరిగి, కుంటిదానిలా కనిపించింది. నిలబడి చూస్తున్నవాళ్ళు నవ్వారు.

"పత్తికొండ దిక్కు ఒగ పెద్దాయన వేటగుర్రానికి చేసినాను" అన్నాడు దస్తగిరి. "చిరుతపులి గోరు దిగి దాని మూపు చెడిపొయ్యింది. ఆ గుర్రమూ పొయ్యింది, ఆ పెద్దాయనా పొయ్యినాడు. వాళ్ళింటోళ్ళు దీన్ని తిరిగి నాకే పంపించిరి. ఇంగ ఏ గుర్రానికీ పట్టదమ్మా ఇది. వేసి చూసినోళ్ళంతా పారేసి పొయ్యినారు."

జీను చుక్క మీద పెట్టారు. కోసేసిన చెక్క బొప్పికి వెనగ్గా, దాన్ని తాకకుండా కూర్చుంది. హనుమంతమ్మ ఊపిరి బిగబట్టి కిందికి చెయ్యి పోనిచ్చింది. ముందునుంచి వెనకదాకా చెయ్యి మెత్తగా, ఒకే తీరుగా జరిగింది. బొప్పి గాలికి వదిలేసి ఉంది. చుక్క చెవులు కూడా కదపలేదు.

ఇదేనని ఆమెకు తెలిసిపోయింది. తెలిసిన సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఇది ఇన్నాళ్ళూ ఈ దూలానికే వేలాడుతూ ఉంది కదా అన్న ఆలోచన వచ్చి గుండెను పట్టుకుంది. పోయిన ఎండాకాలంలో కూడా ఇక్కడే ఉంది. చేత్తో జీనును పట్టుకుని అట్లాగే అరుగు మీద కూర్చుండిపోయింది. దస్తగిరి భార్య హుసేన్‌బీ లోపల్నుంచి చూసి, నీళ్ళ చెంబు తెచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"పిల్లలెంతమందక్కా?"

"ఒగతే ఉండె."

ఉండె అన్న మాటతోనే హుసేన్‌బీకి అర్థమైంది. ఆమె వెన్ను నిమిరింది. నడి ఎండలో, పరాయి ఊళ్ళో, ముఖం తెలియని మనిషి భుజం మీద తలపెట్టి హనుమంతమ్మ ఏడ్చింది. కూతురు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. దస్తగిరి గుర్రాన్ని తీసుకుని సందు చివరికి పోయి, ఆ ఏడుపు అయ్యేదాకా అటే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం తుంగభద్ర ఒడ్డుదాకా ఎక్కి పోయి రమ్మన్నాడు. జీనుకు వేలాడే రికాబులో కాలు పెట్టడం ఆమెకు ఇంకా చేతకాలేదు. హుసేన్‌బీ నడుము పట్టి ఎత్తితే అటుపక్కకు జారింది. ఇద్దరూ నవ్వారు. పోయి వచ్చాక జీను దించి, దస్తగిరి చుక్క వీపును చేత్తో తడిమాడు.

"చెమట అంతా ఒగే తీరుగా పట్టల్ల. యాడన్నా పొడిగా ఉంటే ఆడ బరువు ఎక్కువ పడినట్లు. చూడు, కుడిపక్క ఈడ పొడిగుండాది."

దిండు కుట్టు విప్పి, పిడికెడు ఉన్ని తీసి, ఇంకోచోట కూరి మళ్ళీ కుట్టాడు. మర్నాడు మళ్ళీ పోయి రమ్మన్నాడు. మళ్ళీ విప్పాడు. అట్లా వీపంతా ఒకే తీరుగా తడిసేదాకా ఆమెను పంపలేదు. ఆ రోజుల్లో ఆమె వాళ్ళింటి వసారాలోనే పడుకుంది. తాను తెచ్చిన రొట్టెలు తాను తిన్నది. వాళ్ళు పెట్టిన మజ్జిగ తాగింది. వెళ్ళేటప్పుడు ఆమె ఇచ్చినంత తీసుకుని, దస్తగిరి జీను మీద చెయ్యి వేశాడు.

"ఇది పోతే నా చేతిపని ఈ అంగట్లో ఇంగేం మిగలదమ్మా. అద్దాలది నాది కాదు, పటాలందీ నాది కాదు. ఏడాదికొగసారి తీసుకురా. ఉన్ని అణిగిపోతాది. మళ్ళీ కూరి ఇస్తా."

రాళ్ళకొట్టాల నుంచి పిలుపు వానాకాలం మొదట్లో వచ్చింది. మహానందే వచ్చాడు. తడిసి ముద్దయి, రొప్పుతూ వాకిట్లో నిలబడి, "అత్తా, నాగక్కకు..." అని ఆగిపోయాడు. 

హనుమంతమ్మ జీను వేసి ఎక్కింది. అతను పక్కన పరుగెత్తాడు. కొండ మొదట్లోనే వెనకబడిపోయాడు. రాళ్ళ మీద వాననీళ్ళు పారుతున్నాయి. ఎక్కుడు దగ్గర ముందుకొయ్యను పట్టుకుని వంగింది. దిగుడు దగ్గర వెనక్కి వాలింది. వంకలో నీళ్ళు గుర్రం పొట్టదాకా వచ్చాయి. చుక్క ఒక్కసారి కూడా ఆగలేదు. ఊరు కనబడగానే ఆమె అనుకోకుండానే చింతచెట్టు వైపు చూసింది. మబ్బు పట్టి పొద్దు ఎక్కడుందో తెలియలేదు.

గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఆ ఇంటికి వేరే గది లేదు. సోమక్కను పడుకోబెట్టినచోటే, ఆ కిటికీ కిందనే, నాగక్క పడుకుని ఉంది. గిడ్డమ్మ వచ్చి హనుమంతమ్మ చెయ్యి పట్టుకుంది. 

"రా వదినా" అంది. అంతే.

బిడ్డ అడ్డం తిరిగి ఉంది. చాలాసేపు పట్టింది. ఆ సేపంతా హనుమంతమ్మకు వేరే ఆలోచన రాలేదు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. చెయ్యి చెడిపోయిందని ఆమె చెప్పుకున్నది అబద్ధమని ఆ చేతులే చెప్పాయి. ఆడపిల్ల పుట్టింది. నీలంగా ఉంది, ఏడవలేదు. వీపు మీద చరిచి, కాళ్ళు పట్టి, నోట్లో ఊది, మళ్ళీ చరిచింది. ఆ పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు విని బయట మహానంది గోడకు ఆనుకుని కూలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

పనంతా అయ్యాక గిడ్డమ్మ వేడినీళ్ళు తెచ్చి ఆమె చేతుల మీద పోసింది. పోస్తూనే తలవంచుకుని అంది. "ఆ పొద్దు నేను అనగూడని మాట అన్యా వదినా. నువ్వు తెల్లారే వచ్చింటే కూడా బతికేది కాదేమో. దానికి ముందునుంచే నెత్తురు ఆగల్యాదు. నీకు చెప్పల్లని ఎన్నోమార్లు అనుకున్యా. నోరు రాలేదు."

హనుమంతమ్మ చేతులు కడుక్కుంటూనే విన్నది. ఆ మాట నిజమో, తనను ఓదార్చడానికి చెప్పిందో ఆమెకు తెలియలేదు. గిడ్డమ్మకు కూడా తెలియదేమో. "పొయ్యింది కదా వదినా" అంది చివరికి.

బిడ్డకు సోమక్క పేరే పెడతామని నాగక్క అంది. హనుమంతమ్మ ఒప్పుకోలేదు. "వద్దు తల్లీ. ఆ పేరు నన్ను పిలుచుకోనియ్యి. దీనికి దీని పేరు పెట్టండి." వాళ్ళు రామసుబ్బమ్మ అని పెట్టుకున్నారు.

బయట మహానంది గుర్రాన్ని గడ్డితో తుడుస్తూ, దించి పెట్టిన జీనును చూస్తున్నాడు. "అత్తా, ఈ జీను అప్పుడే ఉండింటే..." అన్నాడు.

"ఆ మాట అనద్దు నాయనా. నేను దినామూ అనుకుంటాండా. నువ్వు కూడా అనుకుంటే ఇద్దరమూ బతకల్యాము."

ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు హనుమంతమ్మ ఆ కొండల్లో గుర్రం మీద తిరిగింది. చాలా కాన్పులు చేసింది. కొన్నిచోట్ల తల్లో బిడ్డో దక్కలేదు. అట్లా దక్కనిచోట నుంచి వచ్చేటప్పుడు గుర్రం దిగి నడిచి వచ్చేది. ఎందుకని అడిగితే, ఊరికే, కాళ్ళు పట్టేసినాయి అనేది.

మరుసటి ఏడు ఉన్ని కూర్పించుకోవడానికి కర్నూలు పోయింది. అరుగు ఖాళీగా ఉంది. దస్తగిరి అంతకుముందే పోయాడు. హుసేన్‌బీ ఆమెను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాటలయ్యాక లేచి, ఆయన సూదులూ దారమూ ఉన్న తోలుసంచి తెచ్చింది. "ఆయన కుడుతాంటే యాభై ఏండ్లు చూస్తి. నాకు వస్తాది" అంది. ఇద్దరూ ఆ అరుగు మీద కూర్చుని దిండ్లు విప్పి, ఉన్ని విదిలించి, మళ్ళీ కూరారు. కుట్టు ఆయన కుట్టంత సన్నంగా రాలేదు. చుక్క వీపుకు మాత్రం హాయిగానే ఉంది. ఆ పై ఏడు పోయేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. హుసేన్‌బీని కొడుకు గుంతకల్లుకు పిలుచుకుపోయాడని చెప్పారు. అప్పటినుంచి ఉన్ని తానే కూర్చుకునేది.

చుక్క ముసలిదైంది. పళ్ళు అరిగాయి. ఎక్కుడు దగ్గర ఆగి ఊపిరి తీసుకునేది. ఒక కరువు ఏడు ఎక్కడా మేత లేక జనం కలబందా బ్రహ్మజెముడూ కాల్చి పశువులకు వేస్తున్న రోజుల్లో అది పడుకున్నచోటునుంచి లేవలేదు. హనుమంతమ్మ గంజి కాచి నోటికి పట్టింది. తాగలేదు. దాని తల ఒళ్ళో పెట్టుకుని మూపు నిమురుతూ కూర్చుంది. మధ్యాహ్నం దాని ఊపిరి ఆగిపోయింది. ఊళ్ళో మగవాళ్ళు నలుగురు వచ్చి, కంబన్న చేను గట్టున గొయ్యి తీశారు. తోలు ఒలుచుకుంటామని వచ్చినవాళ్ళను ఆమె దగ్గరికి రానియ్యలేదు.

ఆ జీను కోసం ఒకరిద్దరు అడిగారు. వాళ్ళ గుర్రాల మీద వేసి చూశారు. కోసేసిన చెక్కవైపు ఒరిగిపోయింది, ఏ వీపు మీదా నిలవలేదు. తిరిగి తెచ్చి వాకిట్లో పెట్టి పోయారు. తోలువారు విప్పి ఎవరో ఎద్దుల పలుపులకు తీసుకుపోయారు. ఉన్ని ఆమె ఉంచుకుంది.

అప్పటికి బేతంచెర్లకు మోటారు బస్సు వచ్చింది. ఆస్పత్రిలో నర్సు ఉందని చెప్పుకునేవాళ్ళు. దారి దగ్గరి పల్లెలవాళ్ళు అటు పోయేవాళ్ళు. కొండ లోపలి పల్లెలవాళ్ళు మాత్రం ఇంకా హనుమంతమ్మ కోసమే వచ్చేవాళ్ళు. ఆమెకు ఇప్పుడు గుర్రం లేదు, పరుగెత్తే కాళ్ళూ లేవు. అందుకని పిలుపు కోసం చూడకుండా, నెలలు నిండకముందే కర్ర పట్టుకుని బయలుదేరి పోయి, ఆ ఇంట్లోనే కూర్చునేది. వాళ్ళతోపాటు చింతపండు కొట్టేది, జొన్నలు చెరిగేది, కడుపుతో ఉన్నదాని తల దువ్వి జడ వేసేది. "ఇంత ముందుగా యెందుకు వస్తివి అవ్వా, ఇంకా శానా దినాలుండాయి కదా" అని వాళ్ళు అంటే, "ఉండనీలేమ్మా, నాకు ఇంటికాడ యేం పనుండాది" అనేది.